నోట్లో నీళ్లు పోయకండి, మనిషిని పక్కకి తిప్పండి

పోయిన సంచికలో ఈ పేజీలో నేను ఒక చిన్న మాట రాశా, స్పృహ తప్పిన మనిషికి నీళ్లు తాపొద్దని. నాలుగే లైన్లు. దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలా. సగం మంది అడిగింది ఒకటే, మరి నీళ్లు పోయకపోతే ఏం చెయ్యాలన్నా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం ఊపిరి దారి గురించే. పేరు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నా. నేను డాక్టర్ని కాదు, 108 బండిలో ఈఎంటీగా, అంటే ఆస్పత్రికి చేరేదాకా రోగిని చూసుకునేవాడిగా, చాలా ఏళ్లు హైవే మీద చేసి ఇప్పుడు ఊళ్లల్లో, కాలేజీల్లో ఫస్ట్ ఎయిడ్ నేర్పిస్తా ఉన్నా, బండి రాకముందు ఆ కాసిన్ని నిమిషాల్లో ఏం జరుగుద్దో చూసినవాణ్ణి కాబట్టి ఆ మేరకే చెప్తా.

ప్రశ్న (సింగరాయకొండ): అన్నా, మా చిన్నాయన షుగర్ మనిషి. పొద్దన్నే టిఫిన్ తినకుండా చేలోకి పోయి పడిపోయినాడు. షుగర్ డౌన్ అయిందని మాకు తెలిసిపోయి పంచదార నీళ్లు కలిపి నోట్లో పోసినాం. పొలమారింది, ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఆస్పత్రిలో వారం ఉంచినారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మేం చేసింది తప్పా?

జవాబు: తమ్ముడూ, ముందు మీ చిన్నాయన బాగున్నాడు, అది చాలు. మీరు రోగం పసిగట్టింది కరెక్టే, పంచదార ఇవ్వాలనుకున్నదీ కరెక్టే. మనిషికి తెలివి ఉండి, పిలిస్తే పలికి, గుటక వేస్తా ఉంటే పంచదార నీళ్లకి మించిన మందు లేదు. తెలివి లేనప్పుడు మాత్రం చెంచాడు కూడా పోయకూడదు, నీళ్లయినా సోడా అయినా కాఫీ అయినా.

ఎందుకో చెప్తా. అన్నం తింటా మాట్లాడితే మనకి పొలమారుద్ది, ఎవరో తలుచుకుంటున్నారని ఇంట్లో పెద్దోళ్లు నెత్తిన తడతారు. అసలు పొలమారడం అంటే ఏంది? అన్నం పోయే గొట్టానికి ముందువైపునే గాలి గొట్టం ఉంది, మింగేటప్పుడు దాని మీద చిన్న మూత పడుద్ది, ఎప్పుడన్నా మూత సరిగ్గా పడకముందే మెతుకు జారితే దగ్గు తన్నుకొచ్చి బయటికి కొట్టేస్తది. ఆ దగ్గే మనకి కాపలా. స్పృహ పోయినోడికి ఆ కాపలా ఉండదు, మీరు పోసింది పోసినట్టే ఊపిరితిత్తుల్లోకి దిగుద్ది, వాడు దగ్గడు కూడా, మనమేమో లోపలికి పోయింది లే అని ఇంకో గ్లాసు తెస్తాం.

ఇంకోటి, నాలుక. నోట్లో కనిపించే ముక్కే నాలుక అనుకుంటాం కానీ దాని మొదలు గొంతు దాకా ఉంటది, అదంతా కండ. తెలివి పోతే ఒంట్లో కండలన్నీ వదులైనట్టే అదీ వదులై, వెల్లకిలా పడున్న మనిషిలో వెనక్కి జారి గాలి దారికి అడ్డం పడుద్ది. స్పృహ లేని మనిషికి ఊపిరి అడ్డుకునేది ఎక్కువ సార్లు ఇదే. మీకు నమ్మకం కుదరాలంటే ఈ రాత్రే చూడండి. ఇంట్లో వెల్లకిలా పడుకుని గురక పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారుగా, మెల్లిగా నుదుటి మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేతి రెండు వేళ్లు గడ్డం ఎముక కింద పెట్టి తలని కొంచెం వెనక్కి వంచి గడ్డాన్ని పైకి లేపండి. చాలామందికి గురక అక్కడికక్కడ తగ్గిపోద్ది. నాలుక పైకి లేచింది, దారి తెరుచుకుంది. బండిలో మేం చేసే మొదటి పని కూడా ఇదే, పైసా ఖర్చులేని పని. 1950ల చివర్లో పీటర్ సఫార్ అనే మత్తు డాక్టరు అమెరికాలో మనుషులకి మత్తిచ్చి పడుకోబెట్టి తల వంచితే గాలి ఎట్టా పోతా ఉందో, వంచకపోతే ఎట్టా ఆగిపోతా ఉందో కొలిచి చూపించాడు, అంతకుముందు వీపు మీద నొక్కడం, చేతులు పైకి లాగడం లాంటివి చేసేవాళ్లు.

నేను డ్యూటీలో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం, హైవే పక్కన టీ బంకు దగ్గర మనిషి పడిపోయాడని కాల్. మేం పోయేసరికి చుట్టూ ముప్పై మంది. ఆయన్ని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి తల కింద టవల్ మడతేసి పెట్టినారు, ఒకాయన పళ్ల మధ్య చెంచా దూర్చి ఇంకొకాయన గోలీ సోడా పోస్తా ఉన్నాడు. గొంతులో గుళగుళమని చప్పుడు, కుండలో నీళ్లు పోసినట్టు. పెదాలు నేరేడుపండు రంగు. నేనూ పైలటూ (108 బండి డ్రైవర్ని అట్టా పిలుస్తాం) కలిసి టవల్ లాగేసి పక్కకి తిప్పాం, అంతే, నోట్లో నుంచి సోడా, టీ, తిన్న బన్ను ముక్కలు గబగబా కారిపోయినాయి, గడ్డం పైకి లేపగానే పెద్ద ఊపిరి ఒకటి లాగాడు. ఆ సోడా పోసినాయన చేతిలో సీసా పట్టుకుని ఏడుస్తా నిలబడ్డాడు. ఆయన తప్పు కాదది, ఆయనకి ఎవరూ చెప్పలా. నేనీ పేజీ రాసేది ఆ సోడా పోసినాయన కోసం.

అందుకే చెవి పెట్టి వినండి. గురక లాంటి చప్పుడు వస్తే నాలుక అడ్డం పడిందని, గుళగుళ వస్తే నీళ్లో నెత్తురో కక్కో ఉందని, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమంటే గొంతు దగ్గర దారి సన్నబడిందని. ఛాతీ ఎగురుతా ఉండి చప్పుడే లేకపోతే దారి పూర్తిగా మూసుకుపోయిందని, అన్నిటికన్నా భయపడాల్సింది దానికే.

ఇప్పుడు తిప్పడం ఎట్టా. ఊపిరి ఆడతా ఉంది కానీ తెలివి లేదు, దెబ్బలేం తగల్లా, అప్పుడు ఇది. మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. మీ వైపున్న చెయ్యిని పక్కకి చాపి పెట్టండి. అవతలి చెయ్యి తెచ్చి దాని వెనకవైపు ఇవతలి చెంపకి ఆనించి పట్టుకోండి. రెండో చేత్తో అవతలి మోకాలు పైకి మడిచి ఆ మోకాలు పట్టుకుని మీ వైపు లాగండి, ఎంత బరువు మనిషైనా దొర్లుకుంటా వస్తాడు. తల కొంచెం వెనక్కి, మూతి నేల వైపు. దిండు వద్దు, దిండు పెడితే మెడ ముందుకి మడతపడి దారి మూసుకుంటది. 108కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్‌లో పెట్టి పక్కనే కూర్చుని ఛాతీ లేస్తా ఉందా లేదా చూస్తానే ఉండండి. ఫిట్స్ వచ్చినప్పుడు కూడా అంతే, చేతిలో తాళాలు, ఇనప ముక్క, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు, నోట్లో చెంచా అసలొద్దు, పన్ను విరిగి గొంతులోకి పోయిందంటే కొత్త తంటా. కొట్టుకోవడం ఆగినాక పక్కకి తిప్పండి, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే బండి పిలవండి.

ప్రశ్న (ఉదయగిరి): మా పాపకి ఏడాదిన్నర. వాళ్ల మామయ్య శెనక్కాయలు తింటా ఒక గింజ నోట్లో పెట్టినాడు. ఉక్కిరిబిక్కిరి అయ్యి దగ్గింది, మా జేజి కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపేసింది. కాసేపటికి సర్దుకుంది. కానీ అప్పట్నుంచి రాత్రిళ్లు పిల్లికూతలు వస్తా ఉన్నాయి, ఆర్‌ఎంపీ జలుబు సిరప్ ఇచ్చినాడు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికొచ్చేదాకా ఆగకూడదని మీకు నేను విడిగా మెసేజ్ పెట్టా, మీరు చూశారు. మిగతావాళ్ల కోసం రాస్తున్నా. గట్టిగా దగ్గి దగ్గి తర్వాత పాప సర్దుకుంది అంటే గింజ బయట పడి ఉండాలి, లేదా కడుపులోకి పోయి ఉండాలి, లేదా ఇంకా కిందికి జారి ఒక వైపు ఊపిరితిత్తి కొమ్మలో కూర్చుని ఉండాలి. గింజ బయట పడ్డం మీరు కళ్లతో చూడకపోతే మూడోదే అనుకుని చూపించాలి. శెనక్కాయ గింజ తేమకి ఉబ్బుద్ది, దాని నూనెకి లోపల వాపొస్తది, ఒక వైపే పిల్లికూతలు, మళ్లీ మళ్లీ నిమ్ము. ఎక్స్‌రేలో గింజ మామూలుగా కనపడదు కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే ఏం లేదని కాదు. పిల్లల డాక్టరుకి "గింజ మింగింది, దగ్గింది" అన్న మాట తప్పకుండా చెప్పండి, ఆ ఒక్క మాట మీదే బ్రాంకోస్కోపీ చెయ్యాలా వద్దా అనేది తేలుద్ది. మత్తిచ్చి సన్న గొట్టంతో తీసేస్తారు.

తలకిందులుగా ఊపడం మానేయండి, మెడకి దెబ్బ, చేయి జారితే ఇంకా పెద్ద దెబ్బ. మీ జేజిని ఏమీ అనొద్దు, ఆమెకి తెలిసింది ఆమె చేసింది. పిల్లోడు దగ్గుతా ఏడుస్తా ఉంటే దగ్గనివ్వండి. చప్పుడు ఆగి, ఏడుపు రాక, మొహం నల్లబడతా ఉంటే అప్పుడు మీరు దిగాలి. ఏడాది లోపు బిడ్డయితే మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి, దవడ మీ వేళ్లతో పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి చనుమొనల గీతకి కొంచెం కింద ఛాతీ ఎముక మీద ఐదు నొక్కులు. మళ్లీ ఐదు, మళ్లీ ఐదు. ఈ వయసులో పొట్ట నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటది. ఏడాది దాటినవాళ్లకి, పెద్దవాళ్లకి ముందుకి వంచి వీపు మీద ఐదు, రాకపోతే వెనకాల నిలబడి బొడ్డుకి కొంచెం పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు గుంజులు, దీన్నే హైమ్లిక్ అంటారు, హెన్రీ హైమ్లిక్ అనే డాక్టరు 1974లో చెప్పింది. నిండు గర్భిణికి పొట్ట బదులు ఛాతీ మీద. మనిషి స్పృహ తప్పి ఒరిగిపోతే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతా ఊపిరి ఊదడం, మొదలెట్టాలి, ఎట్టాగో కింద కందుకూరు జవాబులో చెప్పా. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోద్ది. కనపడితే తియ్యండి.

నాలుగేళ్లు నిండేదాకా పిల్లలకి శెనక్కాయలు, వేయించిన శెనగలు గింజగా పెట్టొద్దు, పొడి చేసి పెట్టండి. ద్రాక్ష నిలువుగా కోసి, తాటిముంజ చిదిమి. ఇది మాత్రం అందరి చేతా గోడ మీద రాయించాలని ఉంది నాకు.

ప్రశ్న (పొదిలి): మిరప తోటలో మందు కొడతా మా కూలాయన పడిపోయినాడు, నోటెంట నురుగు. ఉప్పు నీళ్లు తాపి కక్కించమన్నారు కొందరు.

జవాబు: కక్కించొద్దు. పురుగు మందుల్లో కొన్ని ఒంట్లో నీళ్లన్నీ ఊరేట్టు చేస్తాయి, కళ్లల్లో నీళ్లు, చొంగ, ఊపిరితిత్తుల్లో కూడా నీరూరి మనిషి తన ఊటలోనే మునిగినట్టు అవుతాడు. పైగా అది చర్మం మీద నుంచి పోయింది, కక్కిస్తే ఏమొస్తది? తోట బయట గాలి ఆడే చోటుకి లాగి, మీ చేతులకి కవర్లు తగిలించుకుని బట్టలు విప్పేసి సబ్బు నీళ్లతో ఒళ్లు కడగండి, పక్కకి తిప్పి నోట్లో నురుగు గుడ్డతో తుడుస్తా ఉండండి. నోటికి నోరు పెట్టి ఊదొద్దు, మందు మీకంటుద్ది. మందు డబ్బా తప్పకుండా ఆస్పత్రికి తీసుకుపోండి, మూత గట్టిగా బిగించి.

ప్రశ్న (కందుకూరు): మా నాన్నకి యాభై రెండు. అన్నం తిని లేస్తా కూలిపోయినాడు. ఎగశ్వాస పెడతా ఉంటే ఇంక అయిపోయిందని అమ్మ తులసి తీర్థం పోసింది. ఊపిరి ఉన్నట్టే కదా, మేమేమన్నా చేసి ఉండొచ్చా? ఇది నన్ను నిద్రపోనివ్వడంలా.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివా. అమ్మ చేసింది ప్రేమతో చేసింది, మనూళ్లో ఎవరైనా అదే చేస్తారు. ఆ రోజు ఏం చేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, గుండె ఆగినప్పుడు అన్నీ చేసినా దక్కనివాళ్లే ఎక్కువ, ఇది మేం రోజూ చూసేది. ఈ భారం మీ ఒక్కరి మీద వేసుకోకండి.

మిగతావాళ్లకి చెప్పాల్సింది ఇది. నోరు తెరిచి, ఎప్పుడో ఒకసారి, చేప ఒడ్డున పడ్డట్టు లాగే ఆ ఎగశ్వాస ఊపిరి లెక్కలోకి రాదు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో మెదడు చేసే ఆఖరి ప్రయత్నం అది. మంచాన పడి, ఇంక వైద్యం లేదని తెలిసిన పండు ముసలాయన విషయం వేరు, అది ఆ ఇంటివాళ్ల నిర్ణయం, నేను మాట్లాడను. అప్పటిదాకా నడిచి తిరిగిన మనిషి హఠాత్తుగా కూలి, పిలిస్తే పలక్క, అట్టా లాగతా ఉంటే ఊపిరి లేనట్టే లెక్క. 108కి కొట్టి, ఛాతీ నడిమధ్యలో రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా, ఐదు సెంటీమీటర్లు లోపలికి పోయేట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నోటితో ఊదడం రానివాళ్లు నొక్కడం ఒక్కటే చెయ్యండి, వచ్చినవాళ్లు 30 నొక్కులకి రెండు ఊపిర్లు, తల వెనక్కి వంచి ముక్కు మూసి. గాలి ఆడకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు పాడవడం మొదలవుద్ది, బండి ఎంత తొందరగా వచ్చినా అంత తొందరగా రావడం కష్టం.

ప్రశ్న (నెల్లూరు): చేపల పులుసు తింటా ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమంటారు, కరెక్టేనా?

జవాబు: వద్దు, ఇంకా లోపలికి దిగబడుద్ది. మాట, ఊపిరి బాగుంటే కంగారు లేదు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గర తీయించుకోండి. ఊపిరి ఆడకపోయినా, చొంగ మింగలేకపోయినా ఎమర్జెన్సీకి పోండి.

ప్రశ్న (కావలి): నేను ఆటో తోల్తా. హైవే మీద బైకు యాక్సిడెంట్లు చూస్తానే ఉంటా. మెడ విరిగి ఉంటే ముట్టుకోకూడదంటారు, ముట్టుకుంటే పోలీసు కేసంటారు. ఏం చెయ్యమంటావన్నా?

జవాబు: కేసు మాట ముందు చెప్తా. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లని ఇబ్బంది పెట్టకూడదన్న గైడ్‌లైన్స్‌కి చట్టం బలం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షనే చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినోడి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు.

ఇంక మెడ. మెడ అనుమానం ఉంటే తల వెనక్కి వంచొద్దు, తల వైపు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతుల వేళ్లు చెవుల కింద దవడ మూల వెనకాల పెట్టి దవడ మొత్తాన్ని ముందుకి ఎత్తండి, కింది పళ్లు పై పళ్లని దాటి వచ్చేట్టు. నాలుక దవడకే అతుక్కుని ఉంటది కాబట్టి దాంతోపాటు లేస్తది. అట్టా ఎత్తినా గాలి ఆడకపోతే మాత్రం తల వంచాల్సిందే, మెడ కాపాడి ఊపిరి పోగొట్టుకుంటే ఏం లాభం. నెత్తురు, కక్కు వస్తా ఉంటే తల, మెడ, నడుం ఒకే కర్రలాగా ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకి దొర్లించండి. హెల్మెట్ ఉంటే అద్దం పైకెత్తండి చాలు. ఊపిరి ఆడకపోతేనే తీయాలి, అదీ ఒకరు మెడా దవడా కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మెల్లిగా లాగాలి. మీ ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవాల్సి వస్తే గడ్డం ఛాతీకి ఆనకుండా ఒకరు పట్టుకుని కూర్చోవాలి, ఇది అందరూ మర్చిపోయేది.

ప్రశ్న (నెల్లూరు, నర్సింగ్ విద్యార్థిని): గెడెల్ ఎయిర్‌వే, అంబు బ్యాగ్ పోస్టింగ్‌లో చూశాను కానీ చేతికి ఇవ్వలేదు. మెలకువలు చెప్పండి.

జవాబు: తల్లీ, మిగతావాళ్ల కోసం ఒక మాట, గెడెల్ అంటే నాలుక వెనక్కి జారకుండా నోట్లో పెట్టే వంపు గొట్టం, అంబు బ్యాగ్ అంటే చేత్తో పిసికి మాస్క్ గుండా గాలి పంపే సంచి. గెడెల్ సైజు నోటి మూల నుంచి దవడ మూల దాకా కొలువు. చిన్నదైతే నాలుకనే వెనక్కి నెడుద్ది, పెద్దదైతే గొంతులో మూతని నొక్కుద్ది. పెద్దవాళ్లకి గొట్టాన్ని తలకిందులుగా పెట్టి సగం పోయినాక తిప్పు, పిల్లలకి నాలుక నొక్కి పట్టి నేరుగా పెట్టు. వాంతి వచ్చినట్టు ఓక్ అన్నాడంటే వెంటనే తీసేయ్, వాడికి దాని అవసరం లేదు. సక్షన్, అంటే నోట్లో కక్కు, నెత్తురు గొట్టంతో పీల్చడం, కనపడినంత వరకే, పది సెకన్లు మించొద్దు, నువ్వు గొట్టం పెట్టినంతసేపూ వాడికి గాలి లేదని గుర్తుపెట్టుకో.

అంబు బ్యాగ్ దగ్గర అందరూ చేసే తప్పు గట్టిగా, గబగబా పిసకడం. పెద్దవాళ్ల బ్యాగులో లీటరున్నర దాకా గాలి ఉంటది, కావాల్సింది అర లీటరు. ఎక్కువైంది పొట్టలోకి పోయి వాంతి తెస్తది. నాడి ఉండి ఊపిరి లేనివాళ్లకి ఆరు సెకన్లకి ఒకసారి, ఒక సెకను పాటు, ఛాతీ లేచేంత వరకే. ఇద్దరుంటే ఒకళ్లు రెండు చేతులా మాస్క్ పట్టాలి, ఇంకొకళ్లు పిసకాలి. మొహాన్ని మాస్క్‌లోకి ఎత్తాలి, మాస్క్‌ని మొహం మీదికి నొక్కకూడదు, ఇది చేతికి అలవాటు కావడానికి బొమ్మ మీద చాలాసార్లు చెయ్యి.

ప్రశ్న (కొత్తపట్నం): సముద్రంలో మునిగిన పిల్లల్ని బయటికి తీస్తే పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు, గిరగిరా తిప్పుతారు. మంచిదేనా?

జవాబు: కాదు. నొక్కితే వచ్చేది పొట్టలో నీళ్లు, అవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకే పోతాయి, ఆ గిరగిరా తిప్పే రెండు నిమిషాల్లో పిల్లోడు పోతాడు. మునిగినవాడికి కావాల్సింది గాలి, కాబట్టి ఒడ్డుకి తీయగానే తల వెనక్కి వంచి ముందు నోటితో ఊపిర్లు ఊదండి, ఆ తర్వాత నొక్కులు. మత్స్యకార అన్నలు ఇది ఒక్కసారి నేర్చుకుంటే చాలు, ఆ బీచీల్లో అందరికన్నా ముందు నీళ్లల్లోకి దూకేది వాళ్లే. ఏ ఊరివాళ్లు పిలిచినా వచ్చి నేర్పిస్తా.

ప్రశ్న (ఒంగోలు, తొమ్మిదో తరగతి): అంకుల్, నాకు పద్నాలుగేళ్లు, సన్నగా ఉంటాను. నేను పెద్దవాళ్లని తిప్పగలనా?

జవాబు: తిప్పగలవు నాన్నా. బలం నీ చేతుల్లో అక్కర్లేదు, వాళ్ల మోకాల్లో ఉంది. ఈ ఆదివారం మీ నాన్నని చాప మీద వెల్లకిలా పడుకుని ఒళ్లు వదిలేయమను. మోకాలు మడిచి, నిలబెట్టి, ఆ మోకాలి మీద చెయ్యేసి నీ వైపుకి లాగు. మొదటిసారి చెయ్యి అడ్డం పడుద్ది, ముందు దాన్ని చాపి పెట్టడం మర్చిపోతావు. రెండోసారికి అదే వచ్చేస్తది. తర్వాత మీ అమ్మచేత నిన్ను తిప్పించుకో.